చేదు ఎక్కడికి పోతుంది?

ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల మధ్య ఒక సలహా చలామణీలో ఉంది. బీరు మరీ చేదుగా వచ్చిందా, పారబొయ్యొద్దు. సీసాల్లో నింపి, మూతలు బిగించి, చీకటిగా ఉండే చోట పెట్టి మర్చిపో. ఆరు నెలలకి తీసి చూడు, అదే మెత్తబడుతుంది. ఈ మాటలో రసాయనశాస్త్రం వాటా ఎంత, ఓదార్పు వాటా ఎంత అని కొన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను. ఎందుకంటే మనుషులకి మనం ఇచ్చే సలహా కూడా ఇంచుమించు ఇదే. కొన్నాళ్లు పోనీ, అదే సర్దుకుంటుంది. కాలమే మందు. ఇన్నేళ్లయింది, ఇంకా పట్టుకు వేలాడతావేంటి? చెప్పేవాళ్లకి ఇది వివేకంలా వినిపిస్తుంది. వినేవాళ్లకి ఎలా వినిపిస్తుందో ఎవరూ అడగరు.

ముందు బీరు సంగతి చెప్తాను. (తాగని పాఠకులు కంగారు పడక్కర్లేదు. ఇందులో తాగేది తక్కువ, ఎదురుచూసేది ఎక్కువ.)

నేనుండేది సియాటెల్ పక్కన. మా అపార్ట్‌మెంట్లకి రెండు వీధుల అవతల ఇల్లు కొనుక్కున్న మిత్రుడొకడు, వరంగల్ వాడు, నాలుగేళ్లుగా గరాజ్‌లో బీరు కాస్తున్నాడు. అమెరికాలో ఇది నేరమేం కాదు. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరూ ఆ పైన ఉంటే 200 గాలన్ల దాకా, అమ్మకానికి కాకుండా, పన్ను లేకుండా కాచుకోవచ్చు. పైగా మేముండే రాష్ట్రంలోనే, కొండలకి అవతలి వైపు, యాకిమా లోయ ఉంది. అమెరికాలో పండే హాప్స్‌లో అధికభాగం అక్కడిదే. హాప్స్ అంటే తీగకి పూసే, లేతాకుపచ్చ రంగులో చిన్న పైన్ కాయల్లా కనబడే పువ్వులు. బీరులో చేదంతా, సువాసనలో చాలా భాగం వాటిదే.

పోయినేడు వాడి పక్కింటి పెద్దాయన కంచె మీద పాకిన హాప్స్ తీగ నుంచి ఒక సంచీడు పువ్వులు కోసి, ఎండబెట్టి ఇచ్చాడు. అది ఏ రకమో ఆయనకే తెలియదు, ఇల్లు కొన్నప్పుడే ఉందట. షాపులో కొనే ప్యాకెట్ మీద ఆల్ఫా ఆమ్లాల శాతం అచ్చేసి ఉంటుంది. కాస్కేడ్ రకమైతే 5 నుంచి 7, చినూక్ అయితే 12 నుంచి 14. అంటే అదే గుప్పెడు పువ్వులు ఒక రకంలో వేస్తే ఎంత చేదో, ఇంకో రకంలో దానికి రెట్టింపు. పెద్దాయన సంచీ మీద ఏ అంకే లేదు. మావాడు గంటసేపు మరిగించాడు, పులియబెట్టాడు, రెండు పెట్టెలు, 48 సీసాలు నింపాడు. మూడో వారం మొదటి సీసా తెరిచాం. పచ్చి కాకరకాయ ముక్క నమిలి, దాని మీద చక్కెర లేని కాఫీ తాగినట్టు ఉంది. "తాగే మందు కాదురా ఇది, పూసుకునే మందు" అన్నాడు వాడే.

అప్పుడే నలుగురూ ఆ సలహా చెప్పారు. వాడు పెట్టెలకి టేపు అతికించి, తేదీ రాసి, మెట్ల కింద పెట్టాడు. నెలకో సీసా తియ్యాలి, రుచి చూడ్డానికి నేను హాజరవ్వాలి. అది ఒప్పందం.

సీసాలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కొంత చదివాను. హాప్స్‌లో ఉన్న ఆల్ఫా ఆమ్లాలు మామూలుగా నీళ్లలో సరిగ్గా కరగవు. మరిగించినప్పుడు వాటి అమరిక మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలవుతాయి. బీరు చేదు ప్రధానంగా వీటిదే. ఇవి రెండు రూపాల్లో ఉంటాయి, సిస్ అనీ ట్రాన్స్ అనీ. అణువులో ఉన్న పరమాణువులు అవే, కూర్చున్న తీరే వేరు. సిస్ రూపం మొండిది, ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. ట్రాన్స్ రూపం బలహీనం, నిలవలో ముందు విరిగిపోయేది అదే. వెచ్చటి చోట ఇంకా త్వరగా. కాబట్టి "నిలవ పెడితే చేదు తగ్గుతుంది" అన్నది నిజమే. కాకపోతే తగ్గేది అంతా కాదు, బలహీనమైన భాగం.

ఇంతవరకూ బాగానే ఉంది. నన్ను ఆపింది దీని తర్వాతి సంగతి. ఆ విరిగిపోయిన ట్రాన్స్ రూపం మాయమైపోదు. దానిలో కొంత మూడు వలయాలున్న వేరే పదార్థాలుగా ముడుచుకుంటుంది. ఆ కొత్త పదార్థాలు కూడా చేదే, వాటి చేదు ఇంకో రకం. మొదటిది నాలుకని కొట్టి వెళ్లిపోయే చేదు. రెండోది గరుగ్గా ఉండి, గొంతు వెనక పట్టుకుని ఎంతకీ వదలదు. అంటే మోతాదు తగ్గుతుంది, నిలకడ పెరుగుతుంది. ఇది చదివాక లాప్‌టాప్ మూసేసి కాసేపు ఊరికే కూచున్నాను. మా ఇంట్లో ఒక మనిషి గొంతు నాకు గుర్తొచ్చింది. ఆ సంగతి తర్వాత.

మూడో నెల సీసా తెరిచినప్పుడు చేదు దాదాపు అలాగే ఉంది, వాసన మాత్రం సగం పోయింది. మొదట్లో మూత తియ్యగానే దేవదారు చెక్క, పంపర పనస తొక్క వాసన గుప్పున వచ్చేది. హాప్స్ నూనెల నుంచి వచ్చే ఆ పరిమళం చేదుకన్నా చాలా సున్నితం. అది ముందు పోతుంది. బీరు బాగు చేసుకుందామని ఎదురుచూసేవాడికి ఇది కొంచెం క్రూరమైన వరస: వద్దనుకున్నది కదలక ముందే కావాలనుకున్నది వెళ్లిపోయింది. ఎనిమిదో నెలకి చేదు నిజంగానే దిగింది. మావాడు రెండు గుక్కలు తాగి "సెట్ అయిపోయింది" అన్నాడు. నాకు మాత్రం అడుగున తడిసిన అట్టపెట్టె వాసన తగిలింది. ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం చేసే పని అది, అతి సూక్ష్మ పరిమాణంలోనే ముక్కుకి దొరికిపోతుంది. వాడికి తగల్లేదు. ఇద్దరం ఒకే సీసాలోది తాగాం.

అన్ని బీర్లూ ఇంతే అనను. ఏళ్ల నిలవ కోసమే కాచేవి ఉన్నాయి. 1968లో ఇంగ్లండులో మొదలైన థామస్ హార్డీస్ ఏల్ సుమారు 12 శాతం ఆల్కహాలుతో, పాతికేళ్లు నిలుస్తుందన్న భరోసాతో వచ్చింది. అలాంటి వాటిలో చేదు దిగుతున్న కొద్దీ ఎండు ద్రాక్ష, షెర్రీ రుచులు లేస్తాయి. వాటిలో అంత మాల్ట్, అంత సత్తువ ఉంటుంది కాబట్టి కాలానికి పని చెయ్యడానికి సరుకు దొరుకుతుంది. మావాడిది ఆరున్నర శాతం ఐపీఏ. కాలానికి దాని దగ్గర తీసుకోవడానికే ఉంది, ఇవ్వడానికి ఏమీ లేదు.

మన దగ్గర తాగే సరుకుకి ఈ నిలవ అనే ఆలోచనే తక్కువ. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది, అక్కడ కాలం శత్రువు. తినే సరుకులో మాత్రం మనకి పాత బియ్యం గొప్ప, పాత చింతపండు గొప్ప. మా అమ్మ కొత్త ఆవకాయ గురించి చెప్పేది: మొదటి రోజు ఆవపిండి చేదు తెలుస్తుంది, ఊరితే పోతుంది. వెంటనే ఇంకో మాట కూడా అనేది. మూడో రోజు తిరగ కలపాలి. కలపకుండా వదిలేస్తే ఊరదు, పైన బూజు పడుతుంది.

చేదు తగ్గడం గురించి మన భాషలో అందరికీ తెలిసిన మాట వేమనది, వేపాకు పద్యం. దాన్ని పట్టుదల గురించిన పద్యంగా స్కూల్లో చదువుకున్నాం. ఇప్పుడు చూస్తే అందులో ఒక గట్టి తేడా కనిపిస్తోంది. వేమన వేప మారదు. చెట్టు మీద ఎంత చేదుగా ఉందో నోట్లోనూ అంతే. మారేది తినేవాడు. సీసాలో బీరు విషయం దీనికి పూర్తిగా తలకిందులు: తాగేవాడు అలాగే ఉంటాడు, లోపలి పదార్థం మారుతుంది. "నాకిప్పుడు వాడి మీద కోపం లేదు" అని ఒక మనిషి అన్నప్పుడు ఈ రెండిట్లో ఏది జరిగింది? జరిగిన విషయం మారిందా, తను అలవాటు పడిపోయిందా? జరిగిపోయినది మారదు కదా. కాబట్టి ఎక్కువసార్లు జరిగేది వేమన పద్ధతే. నాలుక అలవాటు పడుతుంది. అలవాటుని క్షమ అని పిలవొచ్చా అన్నది నా ప్రశ్న.

మా అమ్మ కథ ఇక్కడ చెప్పాలి. 2006లో మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, ఎరువుల కొట్టు పెట్టుకోవడానికి అమ్మ నాలుగు గాజులు ఇచ్చింది. పెళ్లిలో అమ్మమ్మ పెట్టిన ఎనిమిది కాసుల గాజులు. బ్యాంకులో తాకట్టు పెట్టుకుని, కొట్టు నిలదొక్కుకోగానే విడిపించి ఇస్తానన్నాడు. వడ్డీ కట్టలేదు. బ్యాంకు నుంచి కాగితాలు వచ్చాయి, అవి ఆయన దగ్గరే ఆగిపోయాయి. గాజులు వేలంలో పోయాయని మాకు తెలిసింది ఎనిమిది నెలల తర్వాత, అదీ వేరేవాళ్ల నోటి నుంచి. తర్వాత కొట్టు బాగా నడిచింది. ఆయన మేడ కట్టాడు, కారు కొన్నాడు. ఇన్నేళ్లలో గాజుల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఉద్యోగంలో చేరాక అమ్మకి గాజులు చేయిస్తానన్నాను. వద్దంది. "నాకు గాజులు లేక కాదు నాన్నా. ఆ మనిషి ఒక్కసారి, వదినా, నీ గాజులు నా మూలాన పోయాయి అంటే చాలు. అది నువ్వు చేయించలేవుగా" అంది.

మొదట్లో అమ్మ ఏడ్చేది, అరిచేది. ఇప్పుడు అరవదు. బాబాయి ఇంటికొస్తే భోజనం పెడుతుంది, కూర ఇంకొంచెం వేసుకోమంటుంది. చూసేవాళ్లకి చేదు పోయినట్టే ఉంటుంది. గొంతులో మాత్రం ఒక గరుకు ఉంది, ఆయన పేరు వచ్చినప్పుడు మాత్రమే వినిపించేది. అప్పటి అరుపుకన్నా ఇది నన్ను ఎక్కువ భయపెడుతుంది. నాన్నది ఇంకో రకం. "నాకైతే గుర్తు కూడా రావట్లేదురా" అంటాడు, గర్వంగానే. నిజమే కావచ్చు. అయితే అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఒకే సైకిల్ మీద తణుకు వెళ్లి సెకండ్ షో చూసొచ్చేవాళ్లని నానమ్మ చెప్పేది. ఇప్పుడు ఎదురుపడితే ఆరోగ్యం, వర్షం, ధాన్యం రేటు. నాన్న మర్చిపోయింది గొడవ ఒక్కదాన్నే కాదు. సువాసన ముందే పోయింది.

ఈ మధ్య తత్వశాస్త్రంలో ఈ చిక్కు మీద కొందరు పని చేశారు. బెరిస్లావ్ మరూషిచ్ 2018లో దుఃఖం గురించి ఒక వ్యాసం రాశాడు. తల్లి హఠాత్తుగా పోయింది. ఏడ్చాడు. కొన్ని వారాలకి దుఃఖం తగ్గింది. ఆయనకి వచ్చిన సందేహం చాలా మామూలుది, అందుకే కష్టమైనది: నా దుఃఖానికి కారణం అమ్మ చనిపోవడం. ఆ కారణం ఎక్కడికీ పోలేదు, ఆమె ఇవాళ కూడా చనిపోయే ఉంది. మరి కారణం అలాగే ఉండగా దుఃఖం తగ్గడానికి నాకున్న హక్కేంటి? కారణాలకి గడువు తేదీ ఉంటుందా? ఆగ్నెస్ కల్లార్డ్ ఇదే ప్రశ్నని కోపం వైపు తిప్పింది. నువ్వు నన్ను మోసం చేశావు, అందుకే కోపం. క్షమాపణ చెప్పినా, పరిహారం ఇచ్చినా, మోసం చేశావన్న సంగతి చెరిగిపోదు. కాబట్టి ఒకసారి న్యాయమైన కోపం ఎప్పటికీ న్యాయమైనదే అవ్వాలి కదా అంటుంది. ఆమె వాదన మొత్తం నేను ఒప్పుకోను. క్షమాపణకి అందులో చాలా తక్కువ చోటిచ్చింది, మా అమ్మ అడుగుతున్నది సరిగ్గా దాన్నే. కాని ఒక పని మాత్రం గట్టిగా చేసింది: "ఇన్నేళ్లయింది కదా" అన్నది ఒక కారణం కాదని చూపించింది. అది క్యాలెండర్‌లో ఉన్న అంకె.

మా ఆఫీసులో దీనికి ఒక యంత్రమే ఉంది. ఎవరైనా ఒక బగ్ నమోదు చేస్తే, తొంభై రోజులు దాని మీద ఎవరూ ఏమీ రాయకపోతే, ఒక బాట్ వచ్చి దానికి "స్టేల్" అని ముద్ర వేసి మూసేస్తుంది. బగ్ బాగుపడలేదు. మాట్లాడేవాళ్లు అలసిపోయారు, అంతే. రిపోర్టులో మాత్రం పరిష్కారమైన వాటి లెక్క పెరుగుతుంది, మేనేజర్ సంతోషిస్తాడు. ఈ మాటకి బీరు చరిత్రలో ఇంకో అర్థం ఉందని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. 18వ శతాబ్దపు లండన్‌లో స్టేల్ బీరంటే పాడైనది కాదు, బాగా నిలవ చేసి పండించినది. తాజా దానికన్నా ధర ఎక్కువ. ఒకే మాట ఒకప్పుడు పక్వం, ఇప్పుడు పాచి. సీసా మీద రాసిన తేదీ చూసి ఈ రెండిట్లో ఏది జరిగిందో చెప్పలేం, తెరవాలి.

ఈ సందర్భంలో తలుచుకోవడానికి నాకు కొంచెం సంకోచంగా ఉన్న మనిషి ఝాన్ ఆమెరీ. 1912లో వియన్నాలో పుట్టాడు. బెల్జియంలో నాజీలకి పట్టుబడి బ్రీండాంక్ కోటలో చిత్రహింసలు పడ్డాడు, ఆ తర్వాత ఆష్విట్జ్. 1966లో వచ్చిన ఆయన పుస్తకంలో చేదు గురించే, మనసులో ఉండిపోయిన పగ గురించే ఒక అధ్యాయం ఉంది. గరాజ్‌లో బీరు సీసాల పక్కన, ఒక ఎరువుల కొట్టు గొడవ పక్కన, ఆ పుస్తకాన్ని పెట్టడం ఎబ్బెట్టు. ఆయన మాట్లాడుతున్నది ఒక జాతి మీద జరిగిన హత్యాకాండ గురించి, యుద్ధమయ్యాక రెండు దశాబ్దాలకే అంతా మర్చిపోయి ముందుకి పోదామంటున్న జర్మనీతో. అయినా ఆయన చెప్పిన ఒక భేదం చిన్న విషయాల్లో కూడా పని చేస్తుంది. గాయం మానడం శరీరం చేసే పని, దానికి నీతితో సంబంధం లేదు. చర్మం మానినట్టే సమాజం కూడా మానిపోతుంది, ఎవరికి న్యాయం జరిగినా జరక్కపోయినా. కాలంతో పాటు సహజంగా మానిపోవడాన్ని ఒప్పుకోననడం మనిషికి ఉన్న హక్కు అంటాడు ఆమెరీ. అదే సమయంలో తన స్థితి అసహజమైనదనీ, జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పమని అడిగే అసాధ్యమైన కోరికనీ, అది తనని గతానికి మేకులతో దిగ్గొడుతోందనీ కూడా దాచకుండా రాశాడు. దాన్ని గొప్పగా ఆయన ఎక్కడా చూపించలేదు. ఆ నిజాయితీ వల్లే నేను ఆయన్ని నమ్ముతాను.

ఎందుకంటే చేదు పట్టుకుని ఉండటానికి ధర ఉంది. అమ్మకి నిద్ర పట్టని రాత్రులు నాకు తెలుసు. "వదిలెయ్యమ్మా, నీ కోసమే" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాని ఆ సలహా వల్ల ముందు సుఖపడేది ఎవరో కూడా చూడాలి. అమ్మ వదిలేస్తే బాబాయి ఏమీ చెయ్యనక్కర్లేదు. నాన్న తమ్ముణ్ణి ఏమీ అడగనక్కర్లేదు. చుట్టాలు పెళ్లిళ్లలో ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆలోచించనక్కర్లేదు. ఖర్చంతా ఒక్క మనిషి నిశ్శబ్దంగా భరిస్తుంది, లాభం ఇంటిల్లిపాదికీ వస్తుంది. దాన్ని మనం పెద్దమనసు అని పొగుడుతాం. ఆడవాళ్ల విషయంలో మరీ ఎక్కువగా పొగుడుతాం.

చేదుని రుచిలో వచ్చిన లోపంగా చూడటం మనకి అలవాటు. నాలుక దాన్ని అలా చూడదు. తీపిని పట్టడానికి మనకి ఉన్నది ప్రధానంగా ఒక్క గ్రాహకం, రెండు ప్రోటీన్ల జంట. చేదుకి సుమారు 25 రకాల గ్రాహకాలు. ప్రకృతిలో విషాలు చాలావరకు చేదు కాబట్టి, ప్రాణాలు కాపాడుకోవడానికి చేదుని రకరకాలుగా పసిగట్టడం అవసరమైంది. చేదంటే ముందు ఒక సమాచారం.

బీరులో దానికి ఇంకో పని కూడా ఉంది, కాపలా. ఐసో ఆల్ఫా ఆమ్లాలు బీరుని పులగొట్టే చాలా రకాల బ్యాక్టీరియాని పెరగనివ్వవు. 18వ శతాబ్దం చివరి నాటికే లండన్ నుంచి కలకత్తాకీ మద్రాసుకీ బయల్దేరిన పేల్ ఏల్ పీపాల్లో హాప్స్ దండిగా ఉండేవి. బో ప్రాంతపు హాడ్జ్‌సన్ బీరుని ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్లు సొంత వ్యాపారంగా తెచ్చేవారు. ఆఫ్రికా కొస చుట్టి, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి, నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణం. ఇండియా కోసమే ఆయన ఈ బీరుని కనిపెట్టాడనే కథని చరిత్రకారులు ఇప్పుడు పెద్దగా నమ్మరు. ఇంగ్లండులో ఇళ్ల నేలమాళిగల్లో ఏడాదీ రెండేళ్లూ నిలవుంచే అక్టోబరు బీరు లాంటిదే అది, ఓడ వేడికీ ఊపుకీ త్వరగా పండింది. మనకి కావాల్సిన సంగతి వేరే: రేవులో దిగిన బీరు మెత్తగా ఉందంటే, దారి పొడుగునా దాన్ని కాపాడింది ఆ చేదే. తన పని చేసుకుంటూ తగ్గింది. గమ్యం చేరక ముందే చేదు తీసేసి ఉంటే మద్రాసులో దిగేది వెనిగర్.

అమ్మ చేదు దేన్ని కాపాడుతోందని అడిగితే, నాకు దొరికిన జవాబు ఇది. ఆ గాజులు నిజంగా ఉండేవి, అవి ఇచ్చింది ఒక మనిషి, ఇచ్చిన మాట ఒకటి ఉంది. ఈ మూడూ ఇవాళ ఇంకెక్కడా నమోదై లేవు. బ్యాంకు రికార్డులో వేలం ఉంది, మాట లేదు. నాన్న జ్ఞాపకంలో అదీ లేదు. అమ్మ కూడా మర్చిపోతే అసలు జరగనట్టే.

చేదు తగ్గించడానికి బీరు కాచేవాళ్లకి నిలవ కాక ఇంకో దారి ఉంది, చాలామంది దాని జోలికి వెళ్లరు. కలపడం. హాప్స్ బాగా తగ్గించి, మాల్ట్ ఎక్కువ పెట్టి, తియ్యటి బీరు ఇంకొకటి కాచి, రెండూ గ్లాసులో కలుపుకోవడం. దీనికి మళ్లీ గింజలు కొనాలి, ఒక శనివారం పోగొట్టుకోవాలి, మూడు వారాలు ఆగాలి. నిలవకి ఏమీ చెయ్యనక్కర్లేదు. అందుకే నిలవ అంత ఇష్టం మనకి. మావాడు తొమ్మిదో నెలలో మిగిలిన సీసాల కోసం ఆ పని చేశాడు. కలిపిన గ్లాసులో ఆ పాత చేదు ఉంది, ఎక్కడుందో చూపించగలను. పక్కన ఇంకోటి ఉంది కాబట్టి తాగగలిగాను. అట్ట వాసన పోలేదు. కాలం పెట్టినదాన్ని ఏదీ తియ్యలేదనుకుంటా.

క్షమ గురించి రాసిన వాళ్లలో నాకు నచ్చిన వాళ్లు దీన్నే ఇంకోలా చెప్తారు. క్షమించడం అంటే కోపాన్ని ఏదో ఒక నైతిక కారణంతో వదులుకోవడం: అవతలి మనిషి పశ్చాత్తాపపడ్డాడని, చేసింది ఒప్పుకున్నాడని, లేదా ఇంత జరిగినా ఆ బంధం నాకు ముఖ్యమని నేను నిర్ణయించుకున్నానని. ఈ చివరిది ఏకపక్షంగా కూడా చెయ్యొచ్చు, అవతలివాడు ఏమీ చెయ్యకపోయినా. కాని అది చెయ్యాల్సింది చేదు తాగినవాళ్లు, తమంతట తాము. పక్కన కూచున్నవాళ్లు క్యాలెండర్ చూపించి చేయించేది కాదు. అలసిపోయి ఆపేసిన కోపానికి వేరే పేరు వెతుక్కోవాలి. నాకు ఇంకా దొరకలేదు. "సర్దుకుపోవడం" దగ్గరికొస్తుంది, అందులో కూడా ఏదో మర్యాద అంటించాం మనం.

బాబాయి కూతురి పెళ్లి మాఘంలో. ఇదంతా కదిలింది అందుకే. నాన్న ఫోన్ చేసి, "నువ్వు చెప్తే వింటుందిరా మీ అమ్మ. పద్దెనిమిదేళ్లు దాటింది. ముఖం మామూలుగా పెట్టుకుని రమ్మను" అన్నాడు. నేను చెప్పనన్నాను. బాబాయితో ఆ ఒక్క మాట అనిపించడం నువ్వు ఎందుకు చెయ్యవు అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "వాడికి గుర్తుండదులేరా" అన్నాడు తర్వాత.

పోయిన ఆదివారం బాబాయి, పిన్ని వచ్చి బొట్టు పెట్టి పిలిచారట. అమ్మ కాఫీ ఇచ్చింది, శుభలేఖ ఫ్రిజ్ మీద పెట్టింది. వెళ్తావా అని చెల్లి అడిగితే, వెళ్లకేం, పిల్ల ఏం చేసింది పాపం అందట. చేతులకి ఏం వేసుకుంటావమ్మా అంటే, "మట్టి గాజులే. ఎర్రవి, డజనున్నర కొని ఉంచాను" అంది.